ఇవాళ్టి అమెరికాలో రాజు మనుషులెవరు? 1776 గొడవ ఇప్పటి గొడవకి ఎక్కడ అతుకుద్ది, ఎక్కడ అతకదు

ఎడిసన్ నుంచి పెర్త్ అంబోయ్‌కి ట్రాఫిక్ లేకపోతే కార్లో పావుగంట. అక్కడ ప్రొప్రైటరీ హౌస్ అని ఒక పాత ఇటుకల మేడ ఉంది, ఇప్పుడు మ్యూజియం. న్యూజెర్సీలో ఇంతమంది తెలుగోళ్లం ఉన్నాం గానీ గుడి, ఇండియన్ స్టోరు, ఔట్‌లెట్ మాల్ దాటి ఇటువైపు వచ్చినోళ్లు నాకు పెద్దగా తగల్లేదు. బ్రిటిష్ రాజు తరఫున న్యూజెర్సీని ఏలిన ఆఖరి గవర్నర్ కాపురమున్న ఇల్లు అది. ఆయన పేరు విలియం ఫ్రాంక్లిన్. వంద డాలర్ల నోటు మీద కనపడే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడే, ఆయన కన్నకొడుకు.

1752లో ఉరుముల్లో గాలిపటం ఎగరేసిన కథ స్కూల్లో చదివాం కదా, ఆ రోజు పక్కన సాయం ఉన్నది ఈ కొడుకే. బొమ్మల్లో చిన్న పిల్లాడిలా వేస్తారు గానీ అప్పటికే ఇరవై దాటినోడు. అంత దగ్గరగా ఉన్న తండ్రీకొడుకులు 1775 వచ్చేసరికి చెరో వైపు తేలారు. తండ్రి కాంగ్రెస్ (అంటే బ్రిటన్‌కి ఎదురు తిరిగిన కాలనీల ప్రతినిధుల సభ) వైపు, కొడుకు రాజు వైపు. 1776 జూన్‌లో కొడుకుని అరెస్ట్ చేసి కనెక్టికట్ పంపించారు, తర్వాత కొద్ది వారాలకే తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడు విలియం లిచ్‌ఫీల్డ్ జైల్లో ఒంటరిగా ఉండగా న్యూయార్క్‌లో భార్యకి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది, ఒక్కసారి చూసొస్తానని అడిగితే కాంగ్రెస్ ఒప్పుకోలేదు, ఆమె 1777 జులైలో చనిపోయింది.

ఎలక్షన్ వచ్చినప్పుడల్లా మన గ్రూపుల్లో ఒక పోలిక తిరుగుతుంటది. ఒకడేమో "రిపబ్లికన్లు అచ్చం ఆనాటి టోరీలే, రాజు కావాలి వీళ్లకి" అంటాడు. ఇంకొకడు "యూరప్ అంటే పడిచచ్చేది డెమోక్రాట్లు, వాళ్లే టోరీలు" అంటాడు. పోయినసారి థాంక్స్‌గివింగ్‌కి మా చుట్టాలింట్లో పెదనాన్నకీ, ఇక్కడే పుట్టి పెరిగిన ఆయన కొడుక్కీ ఇదే వాదన, బిర్యానీ చల్లారిపోయింది గానీ తేల్లేదు. నాకు తెలిసినంతలో ఇద్దరిదీ తప్పే. 1776 చీలికని తెచ్చి ఇవాళ్టి రెండు పార్టీల మీద పరిస్తే ఏ మూలా సరిపోదు. కానీ ఇంకో ఇరవై ఏళ్లు ముందుకెళ్లి 1790ల్లో చూస్తే మాత్రం, బాబోయ్, నిన్నటి పేపర్ చదివినట్టే ఉంటది.

ముందు పేర్లు చెప్పేస్తా. రాజు వైపు నిలబడ్డోళ్లని లాయలిస్టులు అనేవాళ్లు, తిట్టాలంటే టోరీలు. ఎదురు తిరిగినోళ్లు పేట్రియట్లు. మూడోవంతు ఇటు, మూడోవంతు అటు, మూడోవంతు మధ్యలో అని జాన్ ఆడమ్స్ చెప్పాడని ఒక లెక్క ఎక్కడ పడితే అక్కడ రాస్తుంటారు, ఆ మాట ఆయన 1815లో రాసిన ఒక ఉత్తరంలోది, కాకపోతే అక్కడ ఆయన మాట్లాడుతున్నది ఫ్రెంచ్ విప్లవం మీద అమెరికన్ల అభిప్రాయం గురించి. చరిత్రకారులు మామూలుగా చెప్పే అంచనా ఏంటంటే తెల్లవాళ్లలో 15 నుంచి 20 శాతం లాయలిస్టులు. అప్పటి మొత్తం జనాభా 25 లక్షలు, అందులో 5 లక్షల దాకా బానిసలు.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది, 1775 దాకా దాదాపు అందరూ రాజభక్తులే. గొడవంతా పార్లమెంట్‌తో. 1765లో స్టాంప్ యాక్ట్ పెట్టి కాగితం కాగితానికీ పన్నేస్తే జనం తిట్టింది మంత్రుల్ని, రాజుని కాదు. మన దగ్గర "సీఎం మంచోడే అండీ, చుట్టూ ఉన్న కోటరీయే నాశనం చేస్తోంది" అంటారు చూడండి, సరిగ్గా అదే పాట. లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యంతో తుపాకులు పేలి యుద్ధం మొదలయ్యాక కూడా, 1775 జులైలో కాంగ్రెస్ రాజుకి దణ్ణం పెట్టి అర్జీ రాసుకుంది. రాజు దాన్ని పట్టించుకోలేదు సరికదా ఆగస్టులో వీళ్లంతా తిరుగుబాటుదారులని ప్రకటించేశాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ రాసిన పాంప్లెట్ వచ్చాకే రాజరికమే దండగ అనే మాట బజార్లో గట్టిగా వినపడింది. అదే జులైలో న్యూయార్క్ బౌలింగ్ గ్రీన్‌లో రాజు విగ్రహాన్ని తాళ్లేసి లాగి పడేశారు, సీసం కదా, ముక్కలు బండ్ల మీద లిచ్‌ఫీల్డ్‌కి తోలుకెళ్లి అక్కడి ఆడాళ్లు, పిల్లలు కలిసి కరిగించి 42,088 తూటాలు పోశారు. ఇంతకుముందు చెప్పిన జైలు ఉన్న లిచ్‌ఫీల్డే ఇది.

ఈ కథలో మన వాటా కూడా కొంచెం ఉంది. స్టాంప్ యాక్ట్ వచ్చిన 1765లోనే ఆగస్టులో మొఘల్ పాదుషా ఉత్తర సర్కారుల్ని, అంటే శ్రీకాకుళం నుంచి కిందికి మన కోస్తాని, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అదే కంపెనీ అప్పుల్లో మునిగితే గట్టెక్కించడానికి లండన్ తెచ్చిన టీ చట్టం వల్లే 1773 డిసెంబర్‌లో బోస్టన్‌లో 340కి పైగా టీ పెట్టెలు నీళ్లలో పడ్డాయి. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిపోయి లొంగిపోయిన కార్న్‌వాలిస్‌ని ఇంటికి పంపించారనుకుంటాం, అయిదేళ్లకి గవర్నర్ జనరల్‌గా ఇండియాలో దిగాడు, 1793లో ఆయన బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే తర్వాత 1802 రెగ్యులేషన్‌తో మన సర్కారు జిల్లాల జమీందారీలకీ వచ్చింది. అక్కడ పోగొట్టుకున్నది ఇక్కడ రాబట్టుకున్నట్టు.

సరే, అసలు ఎవరు ఏ వైపు వెళ్లారు, ఎందుకు వెళ్లారు? ఇదీ తేల్చాల్సింది, ఎందుకంటే "సంప్రదాయవాదులు రాజు వైపు, స్వేచ్ఛ కోరినోళ్లు ఇటు" అనే లెక్క ఊళ్లోకి దిగి చూస్తే నిలబడదు. మన పల్లెల్లో పార్టీలు ఎలా ఉంటాయి, సిద్ధాంతం చూసి చేరినోడు ఎంతమంది? ఆ వీధోళ్లు సైకిల్ ఎక్కారు కాబట్టి మనం చెయ్యి, అంతే. అక్కడా చాలాచోట్ల అదే జరిగింది. న్యూయార్క్ హడ్సన్ లోయలో లివింగ్‌స్టన్‌లని పెద్ద భూస్వాములు, వేల ఎకరాల మేనర్, కౌలుదార్లు బోలెడు. లివింగ్‌స్టన్‌లు పేట్రియట్లు అయ్యారు. కౌలుదార్లు ఏం చేస్తారు, రాజు గెలిస్తే తిరుగుబాటు చేసిన దొరల భూములు లాక్కుని మనకి పంచుతాడని ఆశపడి 1777లో రాజు పేరు చెప్పి లేచారు. స్వాతంత్ర్యం కావాలన్నది దొర, రాజు కావాలన్నది కౌలుదారు. దీన్ని ఇవాళ్టి లెఫ్ట్ రైట్లలో ఎక్కడ పెడతారు చెప్పండి.

మా పక్కనే ఉన్న బెర్గెన్ కౌంటీ ఇంకా చిత్రం. అక్కడ డచ్చోళ్ల చర్చిలో గొడవ యుద్ధానికి చాలా ఏళ్ల ముందు నుంచే ఉంది. పాస్టర్‌గా పట్టా పుచ్చుకోవాలంటే సముద్రం దాటి ఆమ్‌స్టర్‌డామ్ అనుమతి తీసుకోవాలా, ఇక్కడే మనమే ఇచ్చుకోవచ్చా అని. ఆమ్‌స్టర్‌డామ్ మాటే వేదం అన్న వర్గం పేరు కాన్ఫెరెన్సీ, ఇక్కడే తేల్చుకుందాం అన్న వర్గం కోయెటస్. యుద్ధం వచ్చేసరికి మొదటోళ్లలో ఎక్కువమంది రాజు వైపు, రెండోవాళ్లు ఎక్కువగా పేట్రియట్ల వైపు. చర్చి బెంచీల మీద మొదలైన విరోధం చివరికి ఒకరి ఇళ్ల మీద ఒకరు పడి పశువుల్ని తోలుకెళ్లేదాకా వెళ్లింది. యూరప్ మీద విధేయత అంటే ఏంటో సూటిగా చూడాలంటే ఇదే చూడాలి, లండన్ కాదు, ఇంగ్లీషు రాజు కాదు, "మన పెద్దలు అక్కడున్నారు, వాళ్లని కాదని మనమెవరం" అన్న మనస్తత్వం.

నార్త్ కరోలినాలో స్కాట్లండ్ కొండజాతి వాళ్లది ఇంకో మలుపు. 1746లో తిరుగుబాటు చేసి కలోడెన్ దగ్గర బ్రిటిష్ సైన్యం చేతిలో చితికిపోయినోళ్లు వీళ్లు, ఆ సైన్యాన్ని నడిపిన డ్యూక్ మన కథలోని రాజు మూడో జార్జికి స్వయానా బాబాయి. అలాంటోళ్లు 1776 ఫిబ్రవరిలో మూర్స్ క్రీక్ వంతెన దగ్గర అదే వంశం రాజు కోసం కత్తులు దూశారు! ఓడిపోయి ఆయనకి ప్రమాణం చేసి ఉన్నారు, మాట తప్పకూడదు అనుకున్నోళ్లు కొందరైతే, ఒకసారి తిరగబడితే ఏం జరుగుద్దో ఒంటిమీద చూసుకున్నోళ్లు ఇంకొందరు. 1746లో ఆ తిరుగుబాటుని నడిపిన యువరాజు చార్లెస్‌ని పనిమనిషి వేషం వేయించి పడవలో తప్పించిన ఫ్లోరా మెక్‌డొనాల్డ్ కూడా అప్పటికి కరోలినాలోనే ఉంది, ఆమె మొగుడు మూర్స్ క్రీక్‌లో రాజు తరఫున పోరాడి దొరికిపోయాడు.

ఇక బానిసలు. 1775 నవంబర్‌లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు పారిపోయి వచ్చి మా సైన్యంలో చేరితే విడుదల చేస్తాం అని ప్రకటించాడు. ఆయనకేదో జాలి పుట్టి కాదు, ఆయనా బానిసల యజమానే, శత్రువు పొలం ఖాళీ చేయించే ఎత్తు అది. కానీ ఆ మాట విని పారిపోయినోడికి రాజు వైపే స్వేచ్ఛ ఉంది, స్వేచ్ఛ గురించి ప్రకటన రాసినోళ్ల వైపు సంకెళ్లున్నాయి. జార్జ్ వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్ నుంచే హ్యారీ అనే మనిషి పారిపోయాడు, యజమాని ఇంటిపేరే ఇతనికీ, హ్యారీ వాషింగ్టన్. 1783లో బ్రిటిష్ ఓడలు న్యూయార్క్ వదిలి వెళ్తున్నప్పుడు పేరు, వయసు రాసుకుని ఎక్కించిన మూడు వేల మంది నల్లవాళ్ల జాబితాలో ఇతనూ ఉన్నాడు. నోవా స్కోషియా వెళ్లాడు, అక్కణ్ణుంచి 1792లో సియెర్రా లియోన్. 1800లో అక్కడి కంపెనీ భూమి మీద పన్ను అడిగితే ఇవ్వం అని తిరగబడినోళ్లలో ఇతనూ ఒకడు, దేశం నుంచి వెళ్లగొట్టారు. పాత యజమాని చేసిందే చేశాడు, కాకపోతే ఈయన బొమ్మ నోటు మీదికి ఎక్కలేదు.

ఇన్ని రకాల మనుషులు ఉన్న గుంపుని తీసుకొచ్చి "వీళ్లే నేటి రిపబ్లికన్లు" అనో "వీళ్లే నేటి డెమోక్రాట్లు" అనో ఎలా అంటాం? మ్యాప్ కూడా కుదరదు. తిరుగుబాటుకి గుండెకాయ బోస్టన్, ఇవాళ అది పక్కా డెమోక్రాట్ల ఊరు. పార్టీలైతే అప్పటికి పుట్టనే లేదు.

ఇంకో తేడా, నా దృష్టిలో అసలు తేడా ఇదే, ఇవాళ టోరీ అని ఒప్పుకునేవాడే లేడు. 2009లో పన్నుల మీద లేచిన రిపబ్లికన్ గుంపు ఆ బోస్టన్ టీ గొడవ పేరే తీసుకుని టీ పార్టీ అని పేరు పెట్టుకుంది, మూడు మూలల టోపీలు పెట్టుకుని ర్యాలీలకి వచ్చారు. 2021 జనవరి 6న క్యాపిటల్ మీద పడ్డోళ్లు 1776 అని అరిచారు. 2025 జూన్‌లో ట్రంప్‌కి వ్యతిరేకంగా రోడ్ల మీదికి వచ్చినోళ్లు ఆ రోజుకి పెట్టుకున్న పేరు నో కింగ్స్. రెండు పక్షాలూ పేట్రియట్లే, ఎదుటోడే రాజు మనిషి. ఒక ఆస్తికి ఇద్దరు వారసులు కోర్టుకెక్కినట్టుంది. ఆనాడైతే అలా కాదు, విలియం ఫ్రాంక్లిన్ గుండె మీద చెయ్యేసుకుని నేను రాజు మనిషినే అని చెప్పుకున్నాడు.

మరి అతికేది ఎక్కడ అంటే, ఒకటి మధ్యలో ఉన్నోడి పరిస్థితి. 1774 అక్టోబర్‌లో కాంగ్రెస్ బ్రిటిష్ సరుకు బహిష్కరించమని చెప్పి, ఊరూరా కమిటీలు వెయ్యమంది. ఎవడైనా దొంగతనంగా కొంటే వాడి పేరు పేపర్లో అచ్చేసి, అమెరికా స్వేచ్ఛకి శత్రువు అని చాటి, జనం వాడితో లావాదేవీలు తెంచుకోవాలి, ఇదీ రూల్. స్క్రీన్‌షాట్ తీసి వైరల్ చేసే పనే, ప్రెస్సు తేడా. క్వేకర్లు మా మతం ప్రకారం యుద్ధం చెయ్యం, ప్రమాణాలూ చెయ్యం అన్నారు, 1777లో ఫిలడెల్ఫియాలో కొంతమందిని విచారణ కూడా లేకుండా వర్జీనియాకి తరలించారు. ఏ వైపూ లేను అన్నా అనుమానమే.

రెండోది 1790లు. యుద్ధం అయిపోయింది, రాజు పోయాడు, అందరూ ఇప్పుడు పేట్రియట్లే కదా, హాయిగా ఉండొచ్చు. కుదరలేదు. వాషింగ్టన్ ప్రభుత్వంలో ఖజానా మంత్రి హామిల్టన్ మనుషులు ఫెడరలిస్టులు, బ్యాంకు, వ్యాపారం, బలమైన కేంద్రం. విదేశాంగ మంత్రి జెఫర్సన్ మనుషులు రిపబ్లికన్లు (ఇప్పటి పార్టీకీ దీనికీ సంబంధం లేదు), వ్యవసాయం, రాష్ట్రాలు. అసలు తగువు ఇంటిది, కానీ కొట్టుకునేది మాత్రం యూరప్ పేరు మీద. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి 1793లో రాజు తల తీసేశాక, ఫ్రాన్స్‌కీ బ్రిటన్‌కీ యుద్ధం మొదలైతే ఇక్కడ ఫెడరలిస్టులు బ్రిటన్ వైపు, రిపబ్లికన్లు ఫ్రాన్స్ వైపు. ఫెడరలిస్టులు వాళ్లని జాకోబిన్లు (ఫ్రెంచ్ విప్లవంలోని అతివాదులు) అనేవాళ్లు, రిపబ్లికన్లు వీళ్లని మోనోక్రాట్లు (రాజరికం కావాలనేవాళ్లు), టోరీలు అనేవాళ్లు. ఇవాళ కమ్యూనిస్టు, ఫాసిస్టు అని విసురుకుంటున్నారు చూడండి, డిటో. వాషింగ్టన్ పంపిన జాన్ జే బ్రిటన్‌తో ఒప్పందం చేసుకొస్తే ఊరూరా ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు, 1795 జులైలో న్యూయార్క్ వీధిలో ఆ ఒప్పందాన్ని సమర్థించబోయిన హామిల్టన్ మీద రాళ్లేశారు.

టోపీల సంగతి చెప్పకపోతే ఇది పూర్తవదు. ఎర్ర టోపీ చూడగానే వీడు ఎవడికి ఓటేశాడో తెలిసిపోయే కాలం ఇది అంటాం గదా, అప్పుడు టోపీకి గుచ్చుకునే రిబ్బను పువ్వు, కాకేడ్ అంటారు, దాని రంగు చూసేవాళ్లు. నల్లదైతే ఫెడరలిస్టు, ఎరుపు తెలుపు నీలం కలిసిన ఫ్రెంచ్ పువ్వైతే రిపబ్లికన్. 1798 మే నెలలో ఫిలడెల్ఫియాలో, ప్రెసిడెంట్ ఆడమ్స్ దేశమంతా ఉపవాసం ఉండి ప్రార్థనలు చెయ్యమన్న రోజునే, ఈ రెండు పువ్వులోళ్లు రోడ్డు మీద కొట్టుకున్నారు. ఉపవాసం రోజున! కాంగ్రెస్ లోపల కూడా తక్కువేం కాదు, ఆ ఏడాది జనవరిలో వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్ ఎదుటి పార్టీ గ్రిస్‌వోల్డ్ మొహం మీద ఉమ్మేశాడు, ఫిబ్రవరిలో గ్రిస్‌వోల్డ్ కర్రతో వస్తే ఈయన పొయ్యి దగ్గరి పట్టకారు అందుకున్నాడు, సభలోనే.

అదే 1798లో ఫెడరలిస్టులు చట్టాలు తెచ్చారు. ప్రభుత్వాన్ని తిట్టి రాస్తే జైలు. పౌరసత్వం కోసం ఉండాల్సిన కాలం 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకి పెంపు. ఎందుకంటే ఓడల్లో దిగుతున్న ఐరిష్ వాళ్లు, ఫ్రెంచ్ వాళ్లు పౌరులైతే జెఫర్సన్‌కి ఓట్లేస్తారని భయం, పైకి చెప్పింది దేశభద్రత. గ్రీన్‌కార్డ్ క్యూలో జుట్టు నెరిసిపోతున్న మనోళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా. లయన్‌ని ఆ చట్టం కిందే నాలుగు నెలలు జైల్లో పెట్టి వెయ్యి డాలర్లు జుర్మానా వేస్తే, జైల్లో నుంచే మళ్లీ గెలిచాడు.

ఇవాళ కూడా యూరప్ వాడకం ఇదే. అమెరికన్లలో ఎవడికీ డెన్మార్క్ మీద రాజభక్తి లేదు, హంగరీ మీదా లేదు. కానీ 2015 డిబేట్‌లో బెర్నీ శాండర్స్ డెన్మార్క్, స్వీడన్ వైపు చూడండి అన్నాడు, మనం డెన్మార్క్ కాదు అని హిల్లరీ జవాబిచ్చింది. 2022లో అమెరికన్ కన్జర్వేటివ్‌ల సభ ఏకంగా బుడాపెస్ట్‌లో పెట్టారు, అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్‌ని ఆదర్శంగా చూపించడానికి. 2025 ఫిబ్రవరిలో ఒహాయో నుంచి వచ్చిన వైస్ ప్రెసిడెంట్ వాన్స్ మ్యూనిక్ వెళ్లి యూరప్ ప్రభుత్వాలకి వాక్‌స్వేచ్ఛ మీద క్లాసు పీకాడు, అక్కడ కూర్చున్నది యూరప్ వాళ్లే గానీ నాకైతే ఆ మాటలు ఒహాయోకి చెప్పినట్టే వినిపించాయి. ఆసుపత్రి బిల్లు, వలసలు, మతం, ఇవన్నీ ఇంట్లో తగువులు. వాటికి బొమ్మ కావాలి, సముద్రం అవతల నుంచి తెచ్చుకుంటారు. వాషింగ్టన్ 1796లో పదవి దిగిపోతూ పరాయి దేశం మీద ఈ పిచ్చి అభిమానం, పిచ్చి ద్వేషం రెండూ వద్దని రాసింది కూడా ఈ ఇంటి తగువు చూసే.

కాబట్టి మా పెదనాన్న, ఆయన కొడుకు వెతకాల్సిన ఏడాది 1776 కాదు, 1798.

ఒక్క విషయంలో మాత్రం 1776ని పక్కన పెట్టలేం, ఓడిపోయినోడు ఏమయ్యాడు అన్నదాంట్లో. 2016 నవంబర్ ఎలక్షన్ రాత్రి కెనడా ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ జనం తాకిడికి పడిపోయింది, గుర్తుందా, మర్నాడు అందరూ ఆఫీసులకి వెళ్లిపోయారు. లాయలిస్టులు నిజంగానే వెళ్లారు. 60 వేల మంది దాకా, అంటే ప్రతి నలభై మందిలో ఒకరు, జనాభా లెక్కన చూస్తే ఫ్రెంచ్ విప్లవంలో పారిపోయినోళ్ల కంటే ఎక్కువ. సగానికి పైగా ఇప్పటి కెనడాకే వెళ్లారు, వాళ్లకోసమే 1784లో న్యూ బ్రన్స్‌విక్ అని వేరే ప్రావిన్సు కూడా పెట్టారు. ఇవాళ అలా సర్దుకుని వెళ్లేవాడు లేడు. 1960లో పిల్లలు ఎదుటి పార్టీ ఇంటికి కోడలుగానో అల్లుడుగానో వెళ్తే బాధపడతాం అన్నోళ్లు రెండు పార్టీల్లోనూ 5 శాతం మించలేదు, 2010 సర్వేలో రిపబ్లికన్లలో 49, డెమోక్రాట్లలో 33 శాతం. మన కులం లెక్కలకి ఇంకా చాలా దూరమేలెండి, కానీ దారి అదే.

విలియం ఫ్రాంక్లిన్ 1782లో ఇంగ్లండ్ ఓడెక్కాడు. రెండేళ్లకి తండ్రికి ఉత్తరం రాశాడు, కలుద్దామని. జవాబు వచ్చింది, ముసలితనంలో ఒక్కగానొక్క కొడుకు వదిలేసి ఎదురు నిలబడటం అంత బాధ ఇంకేదీ పెట్టలేదని. విలియం కొడుకు టెంపుల్ అప్పటికే తాత పంచన చేరి ప్యారిస్‌లో ఉన్నాడు. 1785లో సౌతాంప్టన్ రేవులో ముగ్గురూ కలిశారు. నాలుగు రోజులు. తండ్రి కాగితాలు సిద్ధం చేసుకొచ్చాడు, పాత బాకీ కింద కట్టుకుని కొడుకు న్యూజెర్సీ భూముల్ని చవగ్గా మనవడి పేరు మీదికి రాయించుకుని ఓడెక్కాడు. మళ్లీ కలవలేదు. 1790లో ఆయన పోయాక విల్లు తెరిస్తే విలియంకి దక్కింది అప్పటికే ఆయన దగ్గరున్న పుస్తకాలు, కాగితాలు, ఇంకా నోవా స్కోషియాలో కొంచెం భూమి. టోరీలు వెళ్లిపోయిన చోటే.